ఆ రోజు బండి నడిపిందెవరు

పెదబయలు,
నవంబరు 2, 2025.

కృపావతికి,

ఫోన్లో మాట్లాడదామంటే మా టవరు కాస్త గాలి వీస్తే చాలు పడుకుంటుంది. మొన్న నిన్ను తిడుతూ ఉంటే సగంలో కట్టయిపోయింది. మిగతా సగం కడుపులో ఉండిపోయి నాకు అన్నం సయించలేదు. కాగితమైతే మధ్యలో కట్టవ్వదు, అందుకని రాస్తున్నాను.

వేసవిలో నీకు విశాఖలో డ్రైవరు ఉద్యోగం వచ్చిందని జీపుల స్టాండులో అందరికీ టీ ఇప్పించాను. ఆడపిల్ల చేతికి జీపు తాళం ఇచ్చావేమిటని నన్ను చూసి నవ్వినవాళ్ళే ఆ టీ తాగారు. పైడయ్య అయితే రెండోది కూడా అడిగి తాగాడు. స్టాండుకి పెద్ద కదా, కాదనలేకపోయాను.

మొన్న మీ అత్త నీలవేణి నువ్వు పంపిన వీడియో చూపించింది. వ్యాను పోతోంది. డ్రైవరు సీట్లో నువ్వున్నావు. చేతులు మాత్రం ఒళ్ళో ఉన్నాయి. స్టీరింగు దానంతట అదే తిరుగుతోంది.

"ఇదేటి, గుంట స్టీరింగు ఒగ్గేసింది! దెయ్యం తిప్పుతున్నట్టుంది," అని మీ అత్త ఫోను మంచం మీద పడేసింది.

ఘాట్లో నీకు నేర్పేటప్పుడు తుమ్ము వచ్చినా రెండు చేతులూ తీయొద్దని చెప్పినవాణ్ణి నేను. అలాంటిది చేతులు ఒళ్ళో పెట్టుకుని వీడియో తీయించుకుంటావా? తమాషాకి చేశావా, ఉద్యోగమే అదా? తమాషా అయితే మళ్ళీ చేయకు. ఉద్యోగమే అదైతే ఏ పనీ చేయనివాళ్ళకి జీతం ఎవరిస్తారో నాకు అర్థమయ్యేలా రాయి.

కాఫీ పళ్ళు ఏరడం మొదలైంది. మీ అమ్మ ఆదివారం ప్రార్థనకి తప్ప తోట వదిలి రావడం లేదు. ఎవరైనా నీ పెళ్ళి మాట ఎత్తితే నన్ను అడగమంటోంది, నేనేం చెప్పను?

ఇట్లు,
తిట్టడం ఇంకా పూర్తికాని నీ మావయ్య,
ఫల్గుణ.

*

విశాఖపట్నం,
నవంబరు 9, 2025.

మావయ్యకి,

నీ తిట్లు ఒక్క అక్షరం కూడా పోకుండా అందాయి. హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయికి చదివి వినిపించాను. మీ ఊళ్ళో అందరూ ఇలాగే మాట్లాడతారా అని అడిగింది. మావయ్య ఒక్కడే ఇలా రాస్తాడు, మిగతావాళ్ళు ఎదురుగానే అంటారు అన్నాను.

అది తమాషా కాదు, నా ఉద్యోగమే అది. ఆ వ్యాను తనంతట తానే నడుస్తుంది. చుట్టూ కెమెరాలు ఉంటాయి, దారిలో ఏముందో చూసుకుని అదే తిరుగుతుంది, అదే ఆగుతుంది. నేను సీట్లో కూర్చుని దాన్ని గమనిస్తూ ఉండాలి. అది తప్పు చేయబోతే స్టీరింగు అందుకోవాలి. ఊరికే చేయి వేస్తే మాత్రం పరీక్ష పాడవుతుంది. వెనక సీట్లో గోపి అని మా ఇంజినీరు కంప్యూటరు పట్టుకుని కూర్చుంటాడు. చేయి వేసినప్పుడల్లా ఎందుకు వేశావని అడుగుతాడు. ఏ పనీ చేయకపోవడం ఎంత కష్టమో నీకు తెలియదు. సాయంత్రానికి భుజాలు పట్టేస్తాయి.

అసలు కబురు ఇది. మా కంపెనీ వచ్చే నెలలో కొండదారిలో పరీక్ష చేయబోతోంది. అనుమతులు తెచ్చుకున్నారు. పెదబయలు నుంచి పాడేరుకి కాఫీ బస్తాలు తీసుకెళ్తుంది. ఎవరు వస్తారని అడిగితే నేనే చేయి ఎత్తాను. నువ్వు నాకు నేర్పిన దారి కదా! స్టాండులో వాళ్ళకి నువ్వే ముందుగా చెప్పు. అది కాఫీ బస్తాలకే గాని మనుషుల్ని ఎక్కించుకోదు, ఎవరి బేరమూ పోదు అని చెప్పు.

ఇక్కడ ఉక్కగానే ఉంది. మన చలి గుర్తొస్తోంది. అత్తని ఫోను మంచం మీద పడేయొద్దని చెప్పు, పగిలితే నన్నే కొనమంటుంది.

నీ మేనకోడలు,
కృప.

*

పెదబయలు,
నవంబరు 18, 2025.

కృపకి,

నువ్వు చెప్పమన్నావు, నేను చెప్పాను. నా బుద్ధి గడ్డి తిని చెప్పాను.

"ఇయాల బస్తాలు, రేపు మనుసులు," అన్నాడు పైడయ్య. "నీ మేనకోడలు మా నోట్లో మట్టి కొట్టడానికి వత్తంటే, నువ్వు ముందొచ్చి దండోరా యేత్తన్నావేటి?"

అప్పటి నుంచి స్టాండులో నా వంతు వచ్చేసరికి జీపు నిండటం లేదు. జనం ఎక్కబోతే వేరే బండి చూపిస్తున్నారు. నిన్న నా జీపులో ఎక్కింది యర్రమ్మ ఒక్కతే. ఆ ముసలిది ఎవరు చెప్పినా వినదు కాబట్టి ఎక్కింది. అల్లం బుట్ట ఒళ్ళో పెట్టుకుని దారంతా నాకు జీపు నడపడం నేర్పింది.

ఆ స్టీరింగు దానంతట అదే తిరిగే సంగతి మాత్రం నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే బండికి అడ్డంగా పడుకుంటారు. "మా కృప నడుపుతుంది, నా చేతిలో నేర్చుకున్న పిల్ల, భయం లేదు," అని చెప్పాను. అందులో అబద్ధమేముంది? సీట్లో కూర్చునేది నువ్వే. కంప్యూటరో మరొకటో ఏదో సాయం చేస్తుందనుకో. మా జీపులో కూడా క్లీనరు ఉండేవాడు, అయినా నడిపేది నేనే కదా.

మలుపు దగ్గర హారన్ కొట్టడం మరిచిపోకు. వచ్చే ముందు కబురు చేయి. మీ అమ్మ నీకోసం రాజ్‌మా దాచింది.

ఎవరి జీపూ నిండకూడదని కోరుకోని,
నీ మావయ్య.

*

విశాఖపట్నం,
డిసెంబరు 7, 2025.

మావయ్యకి,

నాలుగు రోజుల నుంచి ఈ ఉత్తరం రాసి చింపుతున్నాను. కేసు తేలేవరకు అవతలి బండివాళ్ళతో ఫోన్లో మాట్లాడొద్దని కంపెనీ చెప్పింది. నా మావయ్య నాకు అవతలి బండివాడయ్యాడు!

నీ జీపు కొండ వైపు కాలవలో ఒరిగిపోగానే నేను వ్యాను దిగి పరుగెత్తుకుని వచ్చాను. యర్రమ్మ వెనక ఫుట్‌బోర్డు మీద నుంచి పడిపోయి కాలు పట్టుకుని అరుస్తోంది. నేను ఆమెను లేపబోతే నువ్వేం చేశావు? నా రెక్క పట్టుకుని లాగావు. "ఎల్లిపో! బేగి బండెక్కి ఎల్లిపో! ఇక్కడ నిలబడ్డావంటే సంపేత్తాను!" అన్నావు. మీ స్టాండు జీపులన్నీ వెనకాల వచ్చి ఆగుతున్నాయి. అంతమందిలో నన్ను కుక్కని తరిమినట్టు తరిమావు. నేను ఏడుస్తూ సీట్లో కూర్చుంటే గోపి తలుపులు వేసేశాడు.

నీకు కోపం వచ్చింది, సరే అనుకున్నాను. కానీ నిన్న ఆఫీసులో నీ వాంగ్మూలం చూపించారు. తప్పు నాదే, కునుకు పట్టి జీపు పక్కకి పోయింది అని నువ్వే చెప్పావట. కునుకా, మావయ్యా? జీపు నిండా జనాన్ని పెట్టుకుని, వెనక ఫుట్‌బోర్డు మీద ముసలమ్మని నిలబెట్టుకుని, పట్టపగలు కునుకు తీశావా? నాకు తుమ్ము కూడా తుమ్మొద్దని నేర్పినవాడివి! అంత అలసిపోయి ఉంటే బండి ఎందుకు తీశావు? సంత రోజు కదా, ఇన్నాళ్ళకి జనం నిండారని ఆశ పడ్డావా?

మా వ్యాను నీ జీపుని తాకలేదు, నీ మాట ప్రకారం తప్పు మాది కాదు అని మావాళ్ళు ఊపిరి పీల్చుకున్నారు. నేను మాత్రం పీల్చుకోలేకపోతున్నాను.

యర్రమ్మ ఎలా ఉంది? అది ఒక్కటి రాయి. నా మీద కోపం ఉంటే మిగతాది రాయనక్కర్లేదు.

కృప.

*

పెదబయలు,
డిసెంబరు 11, 2025.

కృపావతి గారికి,

గారు అని ఎందుకు రాశానో తెలుసా? మావయ్యకి బుద్ధి చెప్పేంత పెద్దదానివయ్యావు కాబట్టి.

నేను కునుకు తీయలేదు. ఆ ఎస్.ఐ. గారు కొత్తాయన, నమ్మాడు. నువ్వెలా నమ్మావు? నాతో ఇన్నేళ్ళు తిరిగావు, ఒక్కసారైనా నా రెప్ప పడటం చూశావా?

మలుపు తిరిగేసరికి మీ వ్యాను నా ముఖం మీదకి వచ్చింది. నీ వైపు వదిలేసి నా వైపుకి వచ్చేసింది. హారన్ లేదు. అద్దంలోంచి నీ ముఖం కనపడింది. ఎదురుగా నువ్వున్నావు, నా వెనక జీపు నిండా జనం ఉన్నారు. కొండకేసి తిప్పాను. అంతే జరిగింది. నీ మీదకి పోనిచ్చి ఉంటే ఈ ఉత్తరాలు రాసుకునేవాళ్ళం కాదు.

నిన్ను తరిమాను, నిజమే. మా వెనక పైడయ్య జీపు దిగుతున్నాడు. వాళ్ళందరూ నెల రోజుల నుంచి ఆ బండి మీద పళ్ళు నూరుతున్నారు. కాలు విరిగిన మనిషి పక్కన ఆ బండి డ్రైవరు దొరికితే ఆడపిల్ల అని కూడా చూడరు. నిన్ను కొట్టకముందే పంపేయాలని తరిమాను. అంతమందిలో నెమ్మదిగా నచ్చజెప్పే తీరిక నాకు లేదు.

స్టేషన్లో కూడా అదే ఆలోచించాను. నువ్వు తప్పు వైపు వచ్చావని చెబితే కేసు నీ మీద పడుతుంది, లైసెన్సు పోతుంది. ఈ కొండల్లో లైసెన్సు తెచ్చుకున్న ఆడపిల్లవి నువ్వు. అందుకే నా మీద వేసుకున్నాను. దానికి నువ్వు పంపిన బహుమతి చదివాను. బాగుంది.

యర్రమ్మకి మోకాలి కింద ఎముక విరిగింది. కట్టు వేశారు. ఆమెకి ఎవరూ లేరు కాబట్టి మా ఇంట్లోనే పడుకోబెట్టాం. మీ అత్త అన్నీ చేస్తోంది. జీపు స్టేషన్లో ఉంది. తప్పు నాది, పైగా పరిమితికి మించి జనం, కాబట్టి యర్రమ్మకి ఇన్సూరెన్సు రాదంటున్నారు.

ఒక్కటి చెప్పు. నువ్వు నా వైపుకి ఎందుకు వచ్చావు?

ఫల్గుణ.

*

విశాఖపట్నం,
డిసెంబరు 15, 2025.

మావయ్యా,

నీ ఉత్తరం చదివి చాలాసేపు మెట్ల మీద కూర్చున్నాను. నిన్ను అన్న మాటలకి ముందుగా చెంపలు వేసుకుంటున్నాను.

కానీ నీకు కూడా బుర్ర లేదు! నవంబరులోనే రాశాను కదా, బండి తనంతట తానే నడుస్తుందని. నీ వైపుకి వచ్చింది నేను కాదు. వ్యాను వచ్చింది.

ఆ మలుపులో పోతురాజు చోళ్ళ వెన్నులు రోడ్డు మీద పరిచాడు, గుర్తుందా? చోళ్ళంటే రాగులని గోపికి నేనే చెప్పాల్సి వచ్చింది. బండ్లు తొక్కితే గింజ రాలుతుందని ఏటా పరుస్తాడు. మనం వాటి మీదుగానే పోతాం. వ్యానుకి అది తెలియదు. అదేదో అడ్డంగా పడిన గుట్ట అనుకుని, తప్పించుకోవడానికి నీ వైపుకి తిరిగింది. మలుపు అవతల నువ్వున్నావని దానికి కనపడలేదు.

నాకు ఆ చోళ్ళు దూరం నుంచే కనపడ్డాయి. పోతురాజు ఈసారి ఎక్కువే వేసినట్టున్నాడే అని కూడా అనుకున్నాను. బండి వాటి మీదుగా పోతుందనే అనుకున్నాను, ఎందుకంటే నేనైతే అలాగే పోతాను. అది తిరుగుతోందని తెలిసి నా చేతులు స్టీరింగు మీదకి వెళ్ళేసరికి నువ్వు అప్పటికే కొండకి తిప్పేశావు. నెలల తరబడి ఏదీ పట్టుకోవద్దన్న చేతులు మావయ్యా, అవి ఒక్కసారిగా లేవలేదు. నేను చెప్పగలిగిన కారణం అదొక్కటే.

నువ్వు నన్ను కాపాడాననుకుంటున్నావు. నీ అబద్ధం కాపాడింది మా కంపెనీని. యర్రమ్మ కాలికి వాళ్ళ ఇన్సూరెన్సు కట్టాలి. నీ మాట వల్ల కట్టక్కర్లేకుండా పోయింది. నేను స్టేషనుకి వచ్చి ఉన్నది ఉన్నట్టు చెబుతాను. నువ్వు ఇంకేమీ మాట్లాడకు. దయచేసి ఈసారి ఒక్కసారి ఊరుకో.

నీ కృప.

*

పెదబయలు,
డిసెంబరు 16, 2025.

కృపకి,

నా ఉత్తరానికి నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేలోపు కొంప మునిగేలా ఉందని మళ్ళీ రాస్తున్నాను.

ఈ యర్రమ్మని నేను ఇంట్లో పెట్టుకున్నానా, నెత్తి మీద పెట్టుకున్నానా తెలియడం లేదు. చూడటానికి వచ్చినవాళ్ళందరికీ ఒకటే పాట. "నాను ఫుట్‌బోర్డు మీంచి తొంగి సూసినాను. ఆ గుంట సేతులు ఒళ్ళో ఎట్టుకుని కూకుంది. బండి నడిపినోడెవడూ నేడు." నేను ఊరుకోమంటే, "నువ్వు సెప్పింది అబద్దం, నా కాలు అబద్దం కాదు," అంటుంది. మీ అత్త కూడా ఆమె వైపే. నా ఇంట్లో నాకు కాఫీ ఇచ్చేవాళ్ళు లేరు.

ఆ మాట సంత నుంచి స్టేషనుకి పోయింది. చేతులు వదిలేసి నడిపిందంటే అది ఇంకా పెద్ద కేసవుతుందని నాకు భయం వేసింది. నిన్న నేనే వెళ్ళి, "ఆ బండిలో మా గుంట నేదు సార్. ఎవలో మగమనిసి నడిపాడు," అని చెప్పి వచ్చాను. కాబట్టి నిన్ను ఎవరడిగినా ఆ రోజు విశాఖలోనే ఉన్నానని చెప్పు. ఇటు వైపు రాకు. నేను చూసుకుంటాను.

మావయ్య.

*

విశాఖపట్నం,
డిసెంబరు 20, 2025.

మావయ్యా,

నువ్వు చూసుకున్నది చాలు!

పద్దెనిమిదిన నేను పాడేరు స్టేషనుకి వచ్చాను. నీ ఉత్తరం ఇక్కడికి చేరింది పంతొమ్మిదిన. నేను వెళ్ళి, సార్, ఆ రోజు వ్యాను డ్రైవరు సీట్లో ఉన్నది నేనే అన్నాను. ఎస్.ఐ. గారు పెన్ను కింద పెట్టేశారు.

"మీ మావ నువ్వు బండిలో లేవన్నాడు."

"ఉన్నాను సార్."

"అయితే నడిపింది నువ్వే."

"నేను కాదు సార్."

"ఉన్నావు గాని నడపలేదు. మరి నడిపిందెవరమ్మా?"

"బండే సార్."

ఆయన కాసేపు తల పట్టుకున్నారు. "డ్రైవరు పేరు దగ్గర బండి అని రాస్తాను, సరే. తండ్రి పేరు దగ్గర ఏటి రాయమంటావు? మీ మామా కోడళ్ళిద్దరూ కలిసి నా ఉద్యోగం తీయించేలా ఉన్నారు," అన్నారు. పాపం, మంచివాడే. టీ ఇప్పించారు. ఆ తర్వాత నేను మొదటి నుంచి చెబితే అంతా విన్నారు. వ్యానులో రికార్డయిన వీడియో పంపమని కంపెనీకి నా ముందే కబురు పెట్టారు.

బయటికి వచ్చాక మన ఊరి బస్సు కనపడింది. ఎక్కలేదు. కోపంతో కాదు, యర్రమ్మ ముఖం చూడటానికి భయం వేసి తిరిగి వచ్చేశాను.

ఆఫీసులో విషయం తెలిసింది. గోపి ఒక్కడే నాతో మాట్లాడుతున్నాడు. విచారణ అయ్యేవరకు పనిలోకి రావద్దన్నారు. జీతం కూడా ఉండదట. నన్ను ఓదార్చకు. నువ్వు ఓదార్చడం మొదలుపెడితే ఇంకో వాంగ్మూలం ఇచ్చేస్తావు.

కృప.

*

పెదబయలు,
డిసెంబరు 30, 2025.

కృపకి,

నీ రెండు ఉత్తరాలూ నాకు ఒకే రోజు అందాయి. ఒకదాని తర్వాత ఒకటి చదివి మీ అత్త దగ్గర కూర్చున్నాను. "ఇప్పటికైనా నోరు ముయ్యి," అంది. అందులో నీ ఉత్తరం కన్నా ఎక్కువ అర్థం ఉంది.

ఎస్.ఐ. గారు పిలిపించి వీడియో చూపించారు. అందులో నా జీపు వస్తోంది, నా ముఖం కూడా కనపడుతోంది. "ఇందులో కునుకు ఎక్కడుందో చూపించు," అన్నారు. చూపించలేకపోయాను. నిజం చెప్పాను. అబద్ధం చెప్పినందుకు ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. పరిమితికి మించి జనాన్ని ఎక్కించినందుకు నా లైసెన్సు మూడు నెలలు ఆపేశారు. అది న్యాయమే. ఫుట్‌బోర్డు మీద ఆమెని నిలబెట్టింది నేనే.

యర్రమ్మ వైద్యం అంతా మీ కంపెనీ ఇన్సూరెన్సు చూసుకుంటుందని కాగితం వచ్చింది. ఆమెకి చదివి వినిపిస్తే, "నాను ముందే సెప్పినాను," అంది. ఆ మాట రోజుకి ఎన్నిసార్లు అంటుందో నీకు చెప్పలేను.

నిన్న మీ కంపెనీ మనుషులు పంచాయతీకి వచ్చారు. ఇకపై రోడ్డు మీద పంట పరచొద్దట. పోతురాజు లేచి వాళ్ళ మీదకి వెళ్ళాడు. "ఈ రోడ్డు యేసినకాడ నుంచి సోళ్ళు పరుత్తన్నాం. ఏ బండీ బెదిరిపోనేదు. మీ బండికి బెదురుంటే మీ ఇంట్లో కట్టుకోండి," అన్నాడు. పైడయ్య చప్పట్లు కొట్టాడు. వాళ్ళు కాగితం అంటించి వెళ్ళిపోయారు. ఎవరో అప్పుడే దాన్ని పీకి, దాని మీద ఆవాలు ఆరబెట్టారు.

కానీ నీ మీద నా కోపం పోలేదు. నీ ఉత్తరం పదిసార్లు చదివాను. చేతులు లేవలేదట. నీ చేతులు స్టీరింగుకి జానెడు దూరంలో ఉన్నాయి కదా! కళ్ళు తెరిచే ఉన్నాయి కదా! నేను నేర్పిన పిల్ల అందుకోలేకపోయిందంటే నాకు ఎక్కడం లేదు.

జనవరి ఇరవైన యర్రమ్మ కట్టు విప్పించడానికి పాడేరు తీసుకెళ్ళాలి. జీపు వదిలారు గాని నడపడానికి నాకు లైసెన్సు లేదు. స్టాండులో వేరేవాళ్ళని అడిగితే, యర్రమ్మ ఎక్కనంటోంది. "ఆ గుంటనే రమ్మను. సేతులు ఒళ్ళోంచి తీసి నడపమను," అంటోంది. ఎలాగూ ఖాళీగా ఉన్నావు, రా.

మావయ్య.

*

విశాఖపట్నం,
జనవరి 6, 2026.

మావయ్యా,

వస్తాను. యర్రమ్మకి చెప్పు.

నీకు ఎక్కని కారణం బదులు ఇంకో కారణం వెతికాను. దొరకలేదు. వేరే ఎవరైనా ఆ సీట్లో కూర్చుని ఇదే చెబితే నేను కూడా నమ్మేదాన్ని కాదేమో.

ఒక షరతు. నువ్వు పక్క సీట్లో కూర్చో, కానీ గేరు మీద చేయి వేయకు.

కృప.

*

పెదబయలు,
జనవరి 24, 2026.

కృపకి,

క్షేమంగా చేరావని మీ అమ్మ చెప్పింది. యర్రమ్మ కర్ర పట్టుకుని వాకిట్లోకి వెళ్ళి వస్తోంది. వారంలో తన ఇంటికి పోతానంటోంది. మీ అత్త వద్దంటోంది. ఇద్దరూ పోట్లాడుకుంటున్నారు, నాకు కాస్త తెరిపిగా ఉంది.

ఎదురుగా ఉన్నప్పుడు ఈ మాట చెప్పలేకపోయాను. యర్రమ్మ వింటుంది, వింటే జన్మంతా అంటుంది.

పాడేరు వెళ్ళేటప్పుడు నేను గేరు మీద చేయి వేయలేదు. కానీ ప్రతి మలుపులో కాలితో నా ముందు లేని బ్రేకు నొక్కుతూనే ఉన్నాను. నువ్వు చూసి నవ్వావు. నీ చెయ్యి బాగుంది, మలుపులన్నీ సరిగ్గా తీసుకున్నావు. ఆ మాట కూడా అప్పుడు అనలేదు.

తిరిగి వచ్చేటప్పుడు సంగతి వేరు. నువ్వు బాగా నడుపుతున్నావు, నాకు పనేమీ లేదు. తోటల్లో కాఫీ పళ్ళు ఏరేవాళ్ళని కాసేపు చూశాను. ఆ తర్వాత రోడ్డు కేసే చూస్తున్నాను, కళ్ళు తెరిచే ఉన్నాయి. గేదె అడ్డం వచ్చిందని నువ్వు బ్రేకు వేశాక, జీపు ఆగి యర్రమ్మ తిట్టాక, అప్పుడు చూశాను గేదెని. నా కాలు కదల్లేదు. ముప్పై ఏళ్ళ నుంచి ఈ దారిలో బండి నడిపిన కాలు అది. నేల మీద ఊరికే ఉంది.

ఎందుకు అందుకోలేదని నిన్ను ఇన్నిసార్లు అడిగాను. ఇక అడగను. నాకు ఎక్కింది.

నిన్ను ఫిబ్రవరిలో మళ్ళీ పనిలోకి రమ్మన్నారని, వెళ్తానని జీపు దిగేటప్పుడు చెప్పావు. నా నోటి వరకు వచ్చిన తిట్లన్నీ మింగాను. ఇప్పుడు రాద్దామని కూర్చుంటే అవి లేవు. ఆ సీట్లో ఎవరో ఒకరు కూర్చోవాలి అన్నావు. ఆ సీటు ఎంత చెడ్డదో తెలిసినదానివి నువ్వు కూర్చోవడమే నయం. గంట గంటకీ బండి ఆపించి దిగి నడువు. ఆ గోపి ఎందుకు ఆపావని అడిగితే, మా మావయ్య ఆపమన్నాడని చెప్పు. చేయి వేయాలనిపిస్తే వేసేయి, వాళ్ళ పరీక్ష పాడైతే పాడవనీ.

వెళ్తానంటే వెళ్ళు. మీ అమ్మకి మాత్రం నువ్వే చెప్పుకో. నా వల్ల కాదు.

నీ మావయ్య,
ఫల్గుణ.